ఆప్షన్లు లేని లెక్క

ఇంటర్ ఎంపీసీలో తొంభై శాతం దాటిన పిల్లవాడు ఇంజినీరింగ్ మొదటి సెమిస్టర్‌లోనే ఎం-1 (ఇంజినీరింగ్ గణితం మొదటి పేపరు) తప్పాడంటే ఇంట్లో వాళ్లకు ఓ పట్టాన మింగుడుపడదు. ఫోను పట్టుకుని చెడిపోయాడని వాళ్లంటారు, బేసిక్స్ లేవని కాలేజీ వాళ్లంటారు. చేతికందిన తీర్పులు రెండూ. ఇంటర్ రెండేళ్లలో అతనికి గణితం ఏ రూపంలో అలవాటైందో మాత్రం ఎవరూ అడగరు.

ఎంసెట్ పేరు మారి ఈఏపీసెట్ అయినా, పేపరు తీరు అదే: 180 నిమిషాలు, 160 ప్రశ్నలు, వాటిలో 80 గణితానివే. నెగెటివ్ మార్కులు లేవు. మూడు సమీకరణాలిచ్చి సాధన కనుక్కోమంటే, నాలుగు ఆప్షన్లను వరసగా ప్రతిక్షేపించి సరిపోయినదాన్ని గుర్తించడమే తెలివైన పని. దానికి విద్యార్థిని తప్పుపట్టలేం. అలా చేయమనే లక్షలు పోసి నేర్పించాం.

అదే పాఠం ఎం-1లో మాత్రికల యూనిట్‌గా తిరిగొస్తుంది. ఎక్స్ + వై + జడ్ = 6, ఎక్స్ + 2వై + 3జడ్ = 10, ఎక్స్ + 2వై + లామ్డా జడ్ = మ్యూ. లామ్డా, మ్యూ ఏ విలువలకు ఒకే సాధన ఉంటుంది, ఎప్పుడు ఉండదు, ఎప్పుడు అనంతంగా ఉంటాయి? మూడోదాంట్లోంచి రెండోది తీసేస్తే (లామ్డా − 3) జడ్ = మ్యూ − 10 మిగులుతుంది. తీసివేత హైస్కూలుదే. లామ్డా 3 కాకపోతే ఒకే సాధన. లామ్డా 3 అయి మ్యూ 10 కాకపోతే సాధనే లేదు. 3, 10 రెండూ కుదిరితే అనంతం. కలం ఆగేది ఈ మూడు సందర్భాలను విడదీసి, మాత్రికల ర్యాంకులతో (స్వతంత్రమైన వరసల సంఖ్యతో) పోల్చి, ఎందుకో రాయాల్సిన చోట. ఆ పని అతనితో అంతగా ఎవరూ చేయించలేదు.

పైగా మాత్రికలు చాలా సిలబస్‌లలో మొదటి యూనిట్. చివరి విడత కౌన్సెలింగ్‌లోనో స్పాట్ అడ్మిషన్‌లోనో చేరినవాడు వచ్చేసరికి అది సగం దాటిపోతుంది. మిగిలిపోయిన ఎం-1 కూడా ఊరికే ఉండదు. ఈసీఈలో (ఎలక్ట్రానిక్స్ బ్రాంచిలో) సిగ్నల్స్ పేపరు ఇంజినీరింగ్ గణితం వచ్చనుకునే మొదలవుతుంది. ఒక బ్యాక్‌లాగ్ ఇంకో రెండింటిని లాక్కొస్తుంది. చదువు మానేసేవాళ్లు ఒక్కరోజులో మానేయరు, క్రెడిట్లు చాలక డిటెయిన్ అయ్యాక (పై ఏడాదికి పంపకుండా ఆపేశాక) మానేస్తారు.

2021లో ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) కొన్ని బ్రాంచీలకు ఇంటర్ గణితం తప్పనిసరి కాదన్నప్పుడు ఎంత గొడవ జరిగిందో గుర్తుందిగా. ప్రవేశం గురించి అంత చర్చ చేసినవాళ్లం, చేరాక తప్పుతున్నవాళ్ల గురించి నోరు మెదపం.

బ్రిడ్జి కోర్సులు పెడుతున్నామని కాలేజీలు అంటాయి. ఇంటర్ సూత్రాలను పది రోజుల్లో మళ్లీ బోర్డు మీద రాయడమే బ్రిడ్జి అయితే దాని వల్ల ఒరిగేది కొంచెమే. మొదటి రెండు వారాల్లో ఒక రాత పరీక్ష పెట్టి, ఏ మెట్టు దగ్గర తర్కం తప్పిందో ఎర్ర సిరాతో చూపించి, పత్రాన్ని విద్యార్థి చేతికివ్వాలి. ఎం-1 మిడ్ పరీక్షల్లో ఆబ్జెక్టివ్ భాగం ఉంటే తీసేయాలి. ఇందుకు కొత్త భవనాలు అక్కర్లేదు, దిద్దే మనుషులు కావాలి. మూడు సెక్షన్లు ఒకే అధ్యాపకుడి నెత్తిన వేసే యాజమాన్యాలు ముందు తెరవాల్సింది జీతాల పద్దు.