సవరణ: మెడ మీది నలుపు మురికి కాదు

విశాఖ ఉక్కపోతకు చెమట, మురికి పేరుకుని మెడ వెనుక నల్లబడుతుందని, సున్నిపిండితో గట్టిగా రుద్దితే పోతుందని గత వారం నేను రాసింది తప్పు. చర్మవ్యాధుల పాఠ్యగ్రంథాలు చెప్పేదీ, ఇక్కడి చర్మవైద్యురాలొకరు నాకు వివరించినదీ వేరు. మెడ ముడతల్లో, చంకల్లో మఖమల్ గుడ్డలా మందంగా కనిపించే ఆ నలుపు అకాంథోసిస్ నైగ్రికాన్స్ కావచ్చు. రక్తంలో చక్కెరను అదుపు చేసే ఇన్సులిన్ అనే హార్మోన్‌కు శరీరం సరిగా స్పందించనప్పుడు రక్తంలో పెరిగిన ఇన్సులిన్ చర్మకణాలను అతిగా పెరిగేలా చేయడమే దానికి తరచుగా కారణం. రుద్దితే అది పోదు సరికదా, ఒరిపిడికి చర్మం మరింత నల్లబడవచ్చు. అలాగని మెడ నల్లబడిన ప్రతివారికీ మధుమేహం ఉన్నట్టు కాదు. ఆ సంగతి రక్తపరీక్షే తేల్చాలి: గత రెండు మూడు నెలల సగటు రక్తచక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 శాతం వరకు ఉంటే మధుమేహానికి ముందు దశ, 6.5 లేదా ఆపైన ఉంటే మధుమేహం. నా మాట నమ్మి పిల్లల మెడను పీచుతో రుద్దుతున్న తల్లులు దయచేసి ఆపి, వైద్యులకు చూపించండి.