ఇరవై లీటర్ల పోస్ట్‌పోన్‌మెంట్

శనివారం హాలుకి పెయింట్ కొనడానికి రాణీగంజ్ వెళ్లాను. లేత క్రీమ్. షేడ్ కోడ్ మా ఆవిడ ఫోన్లో చెబుతానంది. డబ్బు కట్టేసి రంగులు కలిపే మెషిన్ పక్కన నిలబడ్డాను.

అక్కడే నోరు దురద పెట్టింది. నాది సప్లై చైన్ ఉద్యోగం. ఆ వారమే ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి ఈ మెషిన్ గురించే గంటసేపు చెప్పాను. క్యాటలాగ్‌లో వందల షేడ్లు, కొట్లో మాత్రం నాలుగు రకాల బేస్, అంటే ఇంకా రంగు కలపని పెయింట్. కస్టమర్ వచ్చాకే రంగు కలుపుతారు కాబట్టి ఏ షేడూ అమ్ముడుపోక మూలన పడి ఉండదు.

"బాబూ, దీన్ని పోస్ట్‌పోన్‌మెంట్ అంటారు తెలుసా?" అన్నాను.

"పోస్ట్‌పోన్ ఏం లేదు సార్, ఇప్పుడే అయితది," అన్నాడు కుర్రాడు.

నేను ఊరుకుంటానా! ఇటలీ బట్టల కంపెనీ బెనెటన్ వాళ్లు స్వెటర్లు రంగు లేకుండా అల్లేసి, గిరాకీ చూసుకుని రంగు వేసిన సంగతి ఎత్తుకున్నాను. అది అవ్వకముందే హెచ్‌పీ: ప్రింటర్ ఒకటే, ఏ దేశానికి ఏ పవర్ సప్లై, ఏ భాష మాన్యువల్ అన్నది యూరప్ గోడౌన్‌లో తేల్చేవాళ్లు. కుర్రాడు తలూపుతూ ఎవరిదో డబ్బాని షేకర్‌లో బిగించాడు. రోట్లో రాళ్లేసి దంచినట్టు మోత. సరిగ్గా అప్పుడే ఫోన్. "ఎయిటీ ఫోర్ సిక్స్‌టీ..." అని వినపడింది. చివర "న్" షేకర్ మింగేసింది.

"సార్, ఇది డార్క్ బేస్‌ల వస్తది. పక్కానా?"

హెచ్‌పీ కథ మధ్యలో ఉన్నాను. "పక్కా, కలిపెయ్!"

సన్నటి ధారల్లో నలుపు, పసుపు, మళ్లీ నలుపు పడ్డాయి. కుర్రాడు వేలు ముంచి మూత మీద చుక్క పెట్టాడు. నాలుగు రోజులు నిల్వున్న గోంగూర పచ్చడి రంగు.

"ఇది కాదయ్యా!"

"కలిపినంక వాపస్ లేదు సార్."

బోర్డు కూడా ఉంది, క్యాలెండర్ వెనకాల. రంగు ఎప్పుడైనా పడుతుంది గానీ, పడ్డాక బయటికి రాదు. గంట క్లాసులో ఆ ముక్క నేనూ చెప్పలేదనుకోండి. అయినా పదహారుకీ అరవైకీ అంత దగ్గర పేర్లు పెట్టిన ఇంగ్లీషువాణ్ణి ఎవరూ ఏమీ అనరు!

క్రీమ్ ఇంకో బకెట్ కొన్నాను. రెండూ ఆటోలో వేసుకుని ఇంటికొచ్చేసరికి గుమ్మంలో పెయింటర్.

"సార్, ప్రైమర్ ఏది?"