మనసులో గ్యాస్ బండ

టెన్షన్ తగ్గాలంటే కరాటేలో చేరమని ఆఫీసులో ఒకాయన సలహా ఇచ్చాడు. ఆయన చేరలేదు, నేను చేరాను. కర్నూల్లో కొండారెడ్డి బురుజుకు కాస్త అవతల ఒక హాల్లో, సాయంత్రం క్లాసు. బెల్టుల వరసలో నేనే చివర. నా కుడిపక్కన రెండో తరగతి పిల్లాడు. నాకంటే ముందు చేరాడు కాబట్టి వాడు సీనియర్.

క్లాసు మొదట్లో, చివర్లో మొకుసో ఉంటుంది. మోకాళ్లు మడిచి, మడమల మీద కూర్చుని, కళ్లు మూసుకుని ఊపిరిని గమనించాలి. "టెన్షన్లన్నీ చెప్పులతో పాటు బయటే వదిలి రండి సార్" అంటాడు మాస్టర్. పాతికేళ్లు లేవు, పెళ్లి కాలేదు, వదలడానికి ఆయన దగ్గర ఏముందని! గోడ మీద ఫునకోషి గిచిన్ ఫొటో. 1922లో ఒకినావా నుంచి టోక్యో వెళ్లి కరాటే చూపించిన మహానుభావుడు. మనసును కట్టేయకుండా వదిలేయాలన్నది ఆయన 20 సూత్రాల్లో ఒకటి. బాగానే ఉంది. కానీ ఆయన 1957లోనే పోయారు, గ్యాస్ ఓటీపీ చూడలేదు.

నిన్న చివరి మొకుసో మొదలవగానే సంచిలో నా ఫోన్ గుర్రుమంది. బండ వచ్చే రోజు. ఓటీపీ చెప్పందే బండ దించరు. ఆ ఓటీపీ ఇంట్లో ఉండే మా ఆవిడకు కాకుండా నాకే వస్తుంది. నంబరు మార్చమని వెళ్తే ఆధార్ తెమ్మన్నారు. తెస్తే పాసుపుస్తకం అన్నారు. అదీ తెస్తే సర్వర్ డౌన్.

కింద బేతంచెర్ల బండలు, మనసులో గ్యాస్ బండ. ఫోన్ మోగుతూనే ఉంది. మాస్టర్ మాత్రం ఆ రోజే మొకుసో సాగదీశాడు. కాళ్లకు తిమ్మిరి మొదలై, కాసేపటికి తిమ్మిరి కూడా తెలియకుండా పోయింది.

"యమే!" అంటే ఇక ఆపమని. లేవాలి. లేచేటప్పుడు ముందు కుడికాలు వెయ్యాలని నియమం. వేశాననే అనుకున్నాను. చూస్తే పాదం పక్కకు మడుచుకుని, నాతో సంబంధం లేనట్టు పడుకుని ఉంది. ఒళ్లు కుడివైపు ఒరగడం మొదలైంది. గబుక్కున పడినా పరువు దక్కేది. నల్లబెల్టుల దాకా అందరూ తిరిగి చూసేంత తీరిగ్గా ఒరిగాను. ఆసరాకని చెయ్యి చాచాను.

హేయాన్ షోదాన్ అని మొదట నేర్పే కటా, అంటే వరస తప్పకుండా చేయాల్సిన కదలికల కూర్పు, ఒకటుంది. 21 కదలికలు. మొట్టమొదటిది, ఎడమకు తిరిగి గెదాన్ బరాయి. అంటే కిందుగా వచ్చే దెబ్బను ముంజేత్తో ఊడ్చేయడం. పిల్లాడికి ఎడమపక్క నేనే కదా. తిరిగాడు, ఊడ్చాడు. అక్కడ కియాయ్, అంటే దెబ్బతో పాటు వేసే అరుపు, లేదు, తొమ్మిదో కదలికకు గానీ రాదు. అయినా అరిచాడు.

నేను బండల మీద బోర్లా ఉండగానే మాస్టర్ చప్పట్లు కొట్టాడు. "చూశారా! మనసు ఖాళీగా ఉంటే బ్లాక్ ఇట్లా వస్తుంది!" గుమ్మం దగ్గర నిలబడ్డ వాళ్లమ్మ పరుగున వచ్చి, "మా వానికి దెబ్బేం తగల్లేదు కదా?" అని నన్నే అడిగింది.

కుంటుకుంటూ పోయి ఫోన్ చేశాను.

"ఏం సార్, ఇంతసేపు ఫోన్ ఎత్తరేం? మీలాంటోళ్లతోనే మాకు బీపీ. బండి నంద్యాల చెక్‌పోస్టు దాటిపాయె. సోమవారం చూద్దాం."

"సోమవారం ఎన్నింటికి?"

"టైం చెప్పలేం సార్" అని పెట్టేశాడు.