ఎర్రటి ఆకు కూడా తన ఆహారాన్ని తానే తయారు చేసుకుంటుంది

"పచ్చటి ఆకులే ఆహారం తయారు చేస్తాయి" అన్న వాక్యాన్ని మన పిల్లల చేత ఇంకా ఎన్నాళ్లు వల్లె వేయిస్తామో నాకు అర్థం కావడం లేదు. విజయవాడలో చదువుతున్న మా మేనకోడలు, ఎర్ర తోటకూరలో కూడా కిరణజన్య సంయోగక్రియ జరుగుతుందని పరీక్షలో రాస్తే తప్పని కొట్టివేశారు. ఆ అమ్మాయి రాసింది అక్షరాలా నిజం.

రైతుబజారులో దొరికే ఎర్ర తోటకూర కట్టనే తీసుకోండి. ఆకులను కాసేపు ఉడికిస్తే నీళ్లు ముదురు ఎరుపుకు తిరుగుతాయి, ఆకులు మాత్రం పచ్చగా బయటపడతాయి. ఆ పచ్చదనం మొదటి నుంచీ వాటిలోనే ఉంది. తోటకూరకు ఎరుపునిచ్చే బీటాసయానిన్ నీటిలో కరిగే వర్ణకం, అది కణంలో నీటి సంచిలా ఉండే రిక్తికలో ఉంటుంది. ఆకుకు పచ్చదనాన్నిచ్చి, వెలుగును పట్టి ఆహారం తయారీకి తోడ్పడే పత్రహరితం నీటిలో కరగదు, అది కణంలో ఆహారం తయారయ్యే చోటైన హరితరేణువుల లోపలి పొరలను అంటిపెట్టుకుని ఉంటుంది. ఎర్ర వర్ణకం ఎక్కువగా ఆకుపచ్చ కాంతిని పీల్చుకుని, పత్రహరితానికి బాగా పనికివచ్చే ఎరుపు కాంతిని చాలావరకు వదిలివేస్తుంది కనుక, పచ్చదనం మన కంటికి కనబడకపోయినా దాని పని ఆగదు.

అలాగని ఎరుపే ఆహారం తయారు చేస్తుందనుకోవడమూ సరికాదు. రంగురంగుల కోలియస్ ఆకును ఎండలో ఉంచి, నీటిలోనూ ఆల్కహాలులోనూ ఉడికించి రంగులు తీసివేసి, పిండిపదార్థం తగిలితే నీలి నలుపుగా మారే అయోడిన్ వేసి చూస్తే, పచ్చగా ఉన్న భాగమూ, పచ్చదనం మీద ఊదా రంగు కలిసిన భాగమూ నీలి నలుపుకు మారతాయి; తెలుపు, ఉత్త గులాబీ రంగు భాగాలు మారవు. పిండిపదార్థం ఎక్కడ తయారైందో పిల్లలకు కళ్లారా చూపించే ఇంత చక్కటి ప్రయోగాన్ని వదిలి, ప్రతి ఏడూ పచ్చటి ఆకుతోనే సరిపెట్టడం నాకు నిజంగా బాధగా ఉంది.

పసుపు, నారింజ రంగులనిచ్చే కెరోటినాయిడ్ల సంగతి వేరు. అవి హరితరేణువుల్లోనే ఉండి, నీలి కాంతిని గ్రహించి ఆ శక్తిని పత్రహరితానికి అందిస్తాయి. నూజివీడు మామిడి తోటల్లో రాగి రంగు చిగురుకు కారణమైన ఆంథోసయానిన్లు అనే ఎర్ర వర్ణకాలు అలా శక్తినివ్వవు; లేత ఆకు యంత్రాంగం పూర్తిగా సిద్ధం కాకముందే మీదపడే తీవ్రమైన ఎండ నుంచి దాన్ని కాపాడతాయి.

పత్రహరితం దాదాపు లేని మొక్క కావాలంటే, వరి కోసిన తరువాత వేసిన మినుము చేలకు వెళ్లి బంగారు తీగను చూడండి. తన తిండి తాను తయారు చేసుకోలేక అది మినుమును చుట్టుకుని దాని రసం పీల్చి బతుకుతుంది. ఎర్ర తోటకూరను దాని సరసన చేర్చడం అన్యాయం.

రంగు ఆకుల మొక్కకు వెలుగు అంతగా అక్కరలేదనుకుని క్రోటన్‌ను చీకటి గదిలో పెట్టేవారికి కూడా ఒక మాట. ఆ రంగులు వెలిసి కొత్త ఆకులు పచ్చగా వస్తున్నాయంటే, దొరికే కొద్దిపాటి వెలుగుతోనే నెట్టుకురావడానికి మొక్క పత్రహరితానికే పెద్దపీట వేస్తోందని అర్థం. దాన్ని వెంటనే కిటికీ దగ్గరకు జరపండి.