సైకిల్ కోసం కారు కొంటే షోరూమ్‌కి టేపు తీసుకెళ్లండి

శ్రీకాకుళంలో నాకు తెలిసిన మెకానిక్ దగ్గరికెళ్లి "కారు మీద రెండు బైకులు పెట్టుకోడానికి కేరియర్ బిగించాలి" అన్నాను. చేతిలో పానా కింద పెట్టి నా మొహం వంక చూశాడు. "బైకు టాపెక్కితే కారేటవుద్ది బాబూ?" అన్నాడు. తప్పు నాదే. సైకిల్ వీడియోలు చూసీ చూసీ నోటికి బైకు అన్న మాట అలవాటైంది. మనకు బైకంటే పెట్రోలు పోసేదే కదా. సైకిళ్లని సరిచేశాక ఇంకో ప్రశ్న వేశాడు. "సైకిలుంటే తొక్కుకుని పోవాల గానీ, కారెందుకు?"

నవ్వుకున్నాను గానీ, అడగాల్సిన ప్రశ్నే. శ్రీకాకుళం నుంచి కళింగపట్నం దాదాపు 30 కిలోమీటర్లు. తెల్లారగట్ల బయల్దేరితే నేను తొక్కుకుంటూ పోగలను. పదేళ్ల పిల్లను ఇసుక లారీల పక్కన అంత దూరం తొక్కించలేను. టెక్కలి దాటి తేలినీలాపురం పక్షుల దగ్గరికి వెళ్లాలంటే 16వ నంబరు జాతీయ రహదారి తప్పదు. విజయనగరం వాళ్లకు తాటిపూడి రిజర్వాయరు దగ్గర తొక్కాలని ఉన్నా ఇదే తంటా. తొక్కడానికి బాగుండే రోడ్లు ఊరికి దూరంగా ఉన్నాయి, అక్కడికి చేర్చే రోడ్లేమో సైకిల్‌కి పనికిరావు. అందుకే కారు.

మనం చేసే పొరపాటు వరసలో ఉంది. ముందు కారు కొంటాం, తర్వాత సైకిళ్లు కొంటాం, ఆ తర్వాత దానికి సరిపోయే కేరియర్ వెతుక్కుంటాం. నేనూ అంతే చేశాను. ఇప్పుడు ఎవరైనా సలహా అడిగితే ఒక్కటే చెబుతున్నాను: ముందు లోపల పడుతుందేమో చూడండి, ఇక ఏ దారీ లేనప్పుడే టాపు సంగతి ఆలోచించండి.

మన చిన్న కార్ల ఆకారం పన్నుల వల్ల వచ్చింది. పొడవు నాలుగు మీటర్లు దాటకుండా, పెట్రోలు ఇంజన్ 1200 సీసీ లోపు, డీజిల్ 1500 సీసీ లోపు ఉంటేనే తక్కువ పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ తరగతికి జీఎస్టీ 18 శాతం. అంతకుముందు 28 శాతం, పైన సెస్సు. పొడవుకు గీత గీశారు కాబట్టి జాగా కావాలంటే కారు పైకి పెరగాల్సిందే. వ్యాగన్ఆర్ అలా పెరిగిన కారు: పొడవు 3655 మిల్లీమీటర్లే, ఎత్తు మాత్రం 1675. డిక్కీ 341 లీటర్లు. పొడవులో దానికన్నా పెద్దదైన కొత్త స్విఫ్ట్ ఎత్తు 1520, డిక్కీ 265 లీటర్లు. చూడ్డానికి స్విఫ్టే అందగత్తె. సైకిల్‌కి అందంతో పనిలేదు, తలుపు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుందన్నదే దానికి కావాలి.

మా తోడల్లుడు ఇలాంటి ఎత్తు కారు కొనేటప్పుడు నేను పట్టుబట్టి షోరూమ్‌కి సైకిలే తీసుకెళ్లాను. సేల్స్ కుర్రాడు మొదట కంగారు పడ్డాడు, తర్వాత సరదాపడ్డాడు. వెనక సీటు మడిచాం. పదిహేను నంబరు పానాతో ముందు చక్రం నట్లు విప్పి, సీటు కిందికి దించి, చైను ఉన్న వైపు పైకి వచ్చేలా పడుకోబెట్టాం. డిస్క్ బ్రేకు సందులో అట్టముక్క దూర్చడం మరిచిపోతే, చక్రం లేనప్పుడు ఎవరో ఒకరు బ్రేకు నొక్కుతారు, హైడ్రాలిక్ అయితే ప్యాడ్లు దగ్గరికొచ్చి అతుక్కుంటాయి, మళ్లీ చక్రం దూరదు. మా తోడల్లుడు నొక్కనే నొక్కాడు. అట్టముక్క ఉంది కాబట్టి బతికిపోయాం. మొదటి సైకిల్ ఇట్టే పట్టింది. మధ్యలో పాత దుప్పటి పరిచి రెండోదీ దాని మీద పడుకోబెట్టాం, ముందు రెండు సీట్లూ కదపకుండానే. మొగుడూ పెళ్లాం ఇద్దరే తొక్కేవాళ్లయితే కథ ఇక్కడితో అయిపోయినట్టే. కేరియర్ ఖర్చు లేదు, వాన భయం లేదు, టీకి ఆగితే సైకిల్ పోతుందన్న టెన్షన్ లేదు.

ఒక మెలిక ఉంది. మైలేజీ చూసి సీఎన్‌జీ తీసుకుంటే చాలా కార్లలో సిలిండరు డిక్కీలోనే కూర్చుంటుంది. సీటు మడిచినా నేల చదునుగా రాదు. టాటా వాళ్లు ఒక పెద్ద సిలిండరు బదులు రెండు చిన్నవి పెట్టి డిక్కీ అడుగున సర్దుతున్నారు. అది కొంత నయం. ఏదైనా సరే, కొనబోయే మోడల్ డిక్కీ తెరిచి టేపు పెట్టి చూడాలి. బ్రోచర్లో ఉండే లీటర్లు సూట్‌కేసులకు పనికొస్తాయేమో గానీ హేండిల్‌బార్ వెడల్పు చెప్పవు.

ఇంట్లో ముగ్గురో నలుగురో తొక్కితే సీట్లు మడవడం కుదరదు, అప్పుడే టాపు. చిత్రమేమిటంటే లోపల పెట్టుకోడానికి మేలైన కారు టాపుకి ఇబ్బంది. ఐదడుగుల నాలుగంగుళాల మనిషి పదహారు కిలోల గేర్ సైకిల్‌ని వ్యాగన్ఆర్ టాపు మీదికి ఎత్తాలంటే స్టూలు కావాలి. స్విఫ్ట్ ఎత్తైతే చేతులు అందుతాయి. కాబట్టి "సైకిళ్లకు ఏ కారు మంచిది" అని గుండుగుత్తగా అడిగితే జవాబు లేదు.

టాపు మీద అసలు ఎంత బరువు పెట్టొచ్చు? షోరూముల్లో ఈ ప్రశ్నకు నాకు దొరికినన్ని దిక్కులు చూసే జవాబులు ఇంక దేనికీ దొరకలేదు. టాపుకి రెండు పక్కలా మెరిసే పట్టీలుంటే కేరియర్ బిగించొచ్చనే అనుకుంటాం. చాలా కార్లలో అవి ముస్తాబు మాత్రమే. రెనో ట్రైబర్, కైగర్, నిస్సాన్ మాగ్నైట్‌లలో రూఫ్ రైల్స్ 50 కిలోలు మోస్తాయని కంపెనీలే చెబుతున్నాయి. మిగతావాళ్లు కూడా ఇంత ధైర్యంగా ఆ అంకె బ్రోచర్ మొదటి పేజీలో ఎందుకు వెయ్యరు? సన్‌రూఫ్‌కి అరపేజీ ఇస్తారు కదా.

ఆ 50 కిలోలైనా లెక్క వేసుకుంటే ఎక్కువేం కాదు. టాపు మీద అడ్డంగా బిగించే బార్లు ఐదారు కిలోలు, వాటి మీద సైకిల్ నిలబడే ట్రే ఒక్కోటి మూడు నాలుగు కిలోలు. రెండు సైకిళ్లకు కలిపి కేరియరే పన్నెండు పదమూడు తినేస్తుంది. పదహారు కిలోల సైకిళ్లు రెండు పెడితే 45 దగ్గరికి వచ్చేశాం. మూడోదానికి చోటు లేదు. ఇరవై అంగుళాల పిల్లల సైకిల్ తేలిగ్గా ఉంటుందనుకోవద్దు, ఇనుప ఫ్రేమైతే పది కిలోలు దాటుతుంది. అందుకే కుటుంబమంతా తొక్కే ఇంటికి నా ఓటు ట్రైబర్‌కి. మూడో వరస సీట్లు ఊడదీస్తే వెనక 625 లీటర్లు వస్తుంది. పెద్దల సైకిళ్లు టాపు మీద, పిల్లలవి చక్రాలు తీసి వెనక.

"ఇవన్నీ ఎందుకు, సాలూరులో చెప్పి చేయించుకో" అని సలహా ఇచ్చినవాళ్లు కనీసం అరడజను మంది. 2022లో మన్యం జిల్లాలోకి వెళ్లినా సాలూరంటే మనకు లారీలే. అక్కడి వెల్డింగు ఊడదని నాకూ నమ్మకమే. చిక్కల్లా దాని బరువుతో. ఇనుప కేరియర్ సైకిళ్లు ఎక్కకముందే టాపు మోయగలిగినదాన్లో సగం మింగేస్తుంది. అంబాసిడర్ టాపు చుట్టూ వాన నీళ్లు పోయే ఇనుప అంచు ఉండేది, కేరియర్ కాళ్లు దాన్ని పట్టుకుని నిలబడేవి. పెళ్లి సామాన్లన్నీ అలాగే పోయేవి. ఇప్పటి కార్లలో చాలావాటికి ఆ అంచు లేదు. రైల్స్ కూడా లేకపోతే బార్లకున్న నాలుగు కొక్కేలు తలుపు రబ్బరు కింద దూరి పట్టుకుంటాయి. చట్టం సంగతీ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చొద్దంటుంది. బంపరు ముందు బిగించే ఇనుప బుల్‌బార్లు తీసేయమని 2017 డిసెంబరులో కేంద్రం రాసినప్పుడు చూపించింది ఈ సెక్షన్‌నే. సాయంత్రం విప్పేసే కేరియర్, టాపుకి వెల్డింగు చేసిన కేరియర్ ఒకటి కావు.

డిక్కీ తలుపుకి బెల్టులతో వేలాడదీసే రకం చవక. అది నంబర్ ప్లేటుని, వెనక లైట్లని కప్పేస్తుంది కాబట్టి చలానా ఖాయం. పైగా చాలా కార్లలో ఆ బెల్టు కొక్కేలు పట్టుకునేది డిక్కీ తలుపు పైన పొడుచుకొచ్చే ప్లాస్టిక్ రెక్క (స్పాయిలర్) అంచుని. నేను దాని జోలికి పోలేదు.

నేను పోయింది "అన్ని కార్లకూ సరిపోతుంది" అని ఒక దుకాణంలో అంటగట్టిన బార్ల జోలికి. చిలకపాలెం దగ్గర వంద మీద పోతుంటే పైనుంచి తేనెటీగల తుట్టె కదిలినట్టు మోత. ఆపి చూస్తే ముందు బారు నాలుగు వేళ్లు వెనక్కి జరిగింది. గాలి తోపు వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. ఎనభై నుంచి వందకి పెంచితే ఒకటిన్నర రెట్లు దాటుతుంది. తిత్లీ తుఫానుని చూసిన జిల్లా వాణ్ని, గాలి గురించి ఇంకొకరు చెప్పాలా! ఇప్పుడు సైకిళ్లుంటే ఎనభై దాటను, మొదటి పది కిలోమీటర్లు కాగానే ఒకసారి ఆగి నట్లు చూస్తాను. మంచి కంపెనీ బార్లు, ట్రేలు కొన్నాను. వాటికైనంత ఖర్చు రెండు సైకిళ్లకు కలిపినా కాలేదు.

గాలి కాక ఇంకో శత్రువు మా ఇంటి ముందే ఉంది, రేకుల షెడ్డు. సైకిల్ ఎక్కితే కారు ఎత్తు ఎనిమిదిన్నర అడుగులు దాటుతుంది. కళింగపట్నంలో ఈదురుగాలికి తొక్కి తొక్కి అలిసిపోయి వచ్చిన ఓ సాయంత్రం, పైన సైకిళ్లున్న సంగతే మరిచి నేరుగా షెడ్డులోకి పోనిచ్చాను. రేకు వంగింది, సీటు చిరిగింది, మా ఆవిడ మాత్రం ఏమీ అనలేదు. మర్నాడు పాప ఎర్ర రిబ్బను తెచ్చి స్టీరింగుకి కట్టింది. సైకిళ్లు టాపెక్కినప్పుడల్లా అది కట్టాలి, దించాక విప్పాలి. రిబ్బను చేతికి తగిలితే గేటు బయటే ఆగుతున్నాను.