గుర్రం దిగిన ప్రతిసారీ ఒక ఆస్కార్

ఆస్కార్ వాళ్లని అందరూ ఆడిపోసుకునేవాళ్లే. వాళ్ల తరఫున మాట్లాడే మనిషి ఒక్కడైనా ఉండాలి కదా అని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. ముఖ్యంగా హాలీవుడ్ దర్శకుడు జాన్ ఫోర్డ్ విషయంలో ఆ పెద్దలు పట్టిన ఓర్పు, పడ్డ తాపత్రయం తలుచుకుంటే కళ్లు చెమరుస్తాయి.

ఉత్తమ దర్శకుడిగా నాలుగు ఆస్కార్లు తెచ్చుకున్న మనిషి ఇప్పటికీ ఫోర్డ్ ఒక్కడే. 'ది ఇన్ఫార్మర్' (1935), 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' (1940), 'హౌ గ్రీన్ వాజ్ మై వ్యాలీ' (1941), 'ది క్వైట్ మ్యాన్' (1952). ఈ నాలుగింటిలో ఒక్కటీ వెస్టర్న్, అంటే అమెరికా పడమటి సీమ కౌబాయ్ సినిమా, కాదు. ఆయన పేరు చెప్పగానే లోకానికి గుర్తొచ్చేవేమో గుర్రాలూ, దుమ్మూ, ఎర్ర కొండలూ. దీన్ని కొందరు అన్యాయం అంటారు. నేను పెంపకం అంటాను. పిల్లాడు లెక్కలు చేస్తే బిస్కెట్ పెడతాం, గోలీలాడితే పెట్టం. అంతే.

మన తెలుగువాళ్లకి కౌబాయ్ అంటే 1971లో వచ్చిన కృష్ణ గారి 'మోసగాళ్లకు మోసగాడు'. ఆ గుర్రం ఇటలీవాళ్లు తీసిన కౌబాయ్ సినిమాల మీదుగా మన దగ్గరికొచ్చింది కానీ ఫోర్డ్ గారి కొట్టంలోంచి కాదు. కాబట్టి ఈ తగువులో నాకు స్వార్థమేమీ లేదని మనవి.

కుర్రాడు మంచి ఇంటివాడే. 1894లో మెయిన్ రాష్ట్రంలో, ఐర్లండ్ నుంచి వలసొచ్చిన కుటుంబంలో పుట్టాడు. అన్న ఫ్రాన్సిస్ అప్పటికే సినిమాల్లో ఉంటే, 1914లో ఆయన వెనకే హాలీవుడ్ చేరాడు. 1917 నుంచి సొంతంగా తీయడం మొదలుపెట్టాడు. ఏం తీశాడు? హ్యారీ కేరీని గుర్రమెక్కించి మూకీ వెస్టర్న్‌లు తీశాడు. వయసులో ఉన్నవాడు, పోనీలే అనుకోవచ్చు. 1926లో 'త్రీ బ్యాడ్ మెన్' తీశాక ఏమైందో ఏమో, పదమూడేళ్లపాటు వెస్టర్న్ జోలికే పోలేదు. మధ్యలో 1935లో డబ్లిన్ వీధుల్లో జరిగే కథ తీసి మొదటి ఆస్కార్ తెచ్చుకున్నాడు. ఇక పరవాలేదు, దారిలో పడ్డాడు, సంబంధాలు చూడొచ్చు అనుకునే దశ అది.

1939లో మళ్లీ మొదటికొచ్చాడు. 'స్టేజ్‌కోచ్' అట, అంటే ప్రయాణికుల గుర్రబ్బండి. అప్పటిదాకా చవక సినిమాల్లో కాలం గడుపుతున్న జాన్ వేన్ అనే పొడుగాటి కుర్రాణ్ణి చేతికి తుపాకీ ఇచ్చి దారి మధ్యలో నిలబెట్టాడు. ఇలాంటప్పుడే పెద్దల పెద్దరికం తెలిసేది. దర్శకుడి బహుమతి 'గాన్ విత్ ది విండ్' తీసిన విక్టర్ ఫ్లెమింగ్‌కి ఇచ్చారు. ఫోర్డ్ సినిమాని పూర్తిగా చిన్నబుచ్చారా అంటే అదీ లేదు. సంగీతానికి ఒకటి ఇచ్చారు. బండి లోపల కూర్చుని మందు కొట్టే డాక్టర్ వేషం వేసిన థామస్ మిచెల్‌కి సహాయ నటుడిగా ఇంకొకటి. బండిలో కూర్చుని తాగినవాడికి ఉంది, బండి తోలించినవాడికి లేదు. పదేళ్ల తర్వాత 'షీ వోర్ ఎ యెల్లో రిబ్బన్' విషయంలోనూ అంతే, కెమెరామన్‌కి ఇచ్చి ఊరుకున్నారు.

మందలింపు వెంటనే పనిచేసింది. మరుసటి ఏడే ఓక్లహామా రైతు కుటుంబం కరువుకి ఊరొదిలి కాలిఫోర్నియా పోయే కథ తీశాడు. గమనించండి, వీళ్లు పోయేదీ పడమటికే. దారిలో దుమ్మూ ఉంది, ఆకలీ ఉంది, కొట్లాటా ఉంది. కానీ వెళ్లేది లారీలో. లారీలో పోతే కళ, గుర్రం మీద పోతే కాలక్షేపం. ఈ సూక్ష్మం పట్టుకోవడానికి కమిటీల్లో ఎంత చదువుకున్నవాళ్లు కావాలో!

1941లో వేల్స్ బొగ్గుగనుల కథ. దాంతో ఓడిపోయిన సినిమాల్లో 'సిటిజన్ కేన్' ఒకటి. ఆ సినిమా తీసే ముందు ఆర్సన్ వెల్స్ పనికట్టుకుని 'స్టేజ్‌కోచ్' నలభైసార్ల దాకా చూశానని చెప్పుకున్నాడు. అంటే పాపం గుర్రాల ఫోర్డ్ దగ్గర పాఠం నేర్చుకుని, బొగ్గు ఫోర్డ్ చేతిలో ఓడిపోయాడు. ట్యూషన్ ఎక్కడ పెట్టించుకుంటున్నామో చూసుకోవద్దా?

'ది క్వైట్ మ్యాన్'లో గుర్రప్పందెం ఉంది కదా అని కొందరు తెలివైనవాళ్లు అడ్డు తగులుతారు. ఉంది. కానీ అది ఐర్లండ్ గుర్రం. ఎక్కినవాడి నడుముకి తుపాకీ లేదు. అలాంటి గుర్రం మీద ఎవరికీ అభ్యంతరం లేదు.

ఇక ఈయన వెస్టర్న్‌లలో చదువు సంగతి చూద్దాం. అరిజోనా, యూటా సరిహద్దులో నవాహో అనే ఆదివాసీ తెగ నేల మాన్యుమెంట్ వ్యాలీ. ఆ కొండలంటే ఆయనకి పిచ్చి. టూంబ్‌స్టోన్ ఊరు అరిజోనాకి ఆ దక్షిణపు కొసన ఉంటే, 'మై డార్లింగ్ క్లెమెంటైన్' (1946)లో దాన్ని ఎత్తుకొచ్చి ఈ కొండల మధ్య పెట్టాడు. 'ది సెర్చర్స్' (1956)లో టెక్సాస్ అని అక్షరాలు వేసి తలుపు తీస్తే ఎదురుగా ఇవే కొండలు! నవాహోలు ఒక సినిమాలో అపాచీలు, ఇంకో సినిమాలో కొమాంచీలు, మరోదాంట్లో షయెన్‌లు. ఆ కొమాంచీలకి నాయకుడిగా బెర్లిన్‌లో పుట్టిన నటుణ్ణి పెట్టాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం వ్యంగ్యం పక్కన పెట్టి ఆయన్ని తిట్టాలనిపిస్తుంది.

'క్లెమెంటైన్' కథకి మూలం టూంబ్‌స్టోన్‌లో నిజంగా జరిగిన ఓకే కొరాల్ కాల్పులు. వాటి సంగతి అందులో పాల్గొన్న వ్యాట్ అర్ప్ స్వయంగా తనకి చెప్పాడని ఫోర్డ్ చెప్పుకునేవాడు. అర్ప్ పక్కన నిలబడి కాల్చిన అసలైన డాక్ హాలిడే పళ్ల డాక్టరు, 1881 నాటి ఆ కాల్పుల తర్వాత ఇంకో ఆరేళ్లు బతికి కొలరాడోలో క్షయతో పోయాడు. ఫోర్డ్ ఆయనకి సర్జన్‌గా ప్రమోషన్ ఇచ్చి, ఆ కాల్పుల్లోనే చంపేశాడు. స్వయంగా విన్న కథే ఇలా ఉంటే, వినని కథలు ఎలా ఉంటాయో ఊహించుకోండి.

ఇంత చేసినా పెద్దలు చేయి చేసుకోలేదు. 'ది సెర్చర్స్'కి ఒక్క నామినేషన్ కూడా ఇవ్వకుండా మౌనంగా ఉండిపోయారు. 2012లో ప్రపంచ విమర్శకులు ఓట్లేసి దాన్ని ఎప్పటికీ గొప్ప సినిమాల్లో 7వ స్థానంలో కూర్చోబెట్టారంటే, అది విమర్శకుల క్రమశిక్షణా లోపం.

అసలు మొండితనం బయటపడింది 1950 అక్టోబర్‌లో. దర్శకుల సంఘం సమావేశం, రాత్రి గంటల తరబడి గొడవ. అప్పటికి దర్శకుడిగా మూడు ఆస్కార్లున్న ఫోర్డ్ లేచి నిలబడ్డాడు. చెప్పుకోవడానికి ఎన్ని లేవు? డబ్లిన్ ఉంది, ఓక్లహామా ఉంది, వేల్స్ ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ సముద్రంలోని మిడ్వే దగ్గర గాయపడి మరీ తీసిన డాక్యుమెంటరీ ఉంది. ఆయన అన్నది మాత్రం ఇది: "నా పేరు జాన్ ఫోర్డ్. నేను వెస్టర్న్‌లు తీస్తుంటాను."

ఇన్నేళ్ల పెంపకం ఒక్క వాక్యంలో గంగపాలు.

ముసలితనంలో పీటర్ బొగ్దనోవిచ్ అనే కుర్ర దర్శకుడు ఆయన్ని అదే కొండల ముందు కూర్చోబెట్టి, పాత వెస్టర్న్‌లో అంత పెద్ద గుర్రాల పరుగు ఎలా తీశారండీ అని భక్తిగా అడిగితే, "కెమెరాతో" అన్నాడు. ఇక ఏం బాగుపడతాడు?

ఆయన 1973లో పోయాడు. మాన్యుమెంట్ వ్యాలీలో ఇప్పుడు జాన్ ఫోర్డ్ పాయింట్ అని ఒక బండ అంచు ఉంది. అక్కడ నవాహో మనిషి గుర్రమెక్కి నిలబడితే టూరిస్టులు ఫొటో తీసుకుని డబ్బులిస్తారు. గుర్రం ఎక్కినందుకు డబ్బులిస్తున్నారు, అదీ ఆయన పేరు మీద! ఆస్కార్ పెద్దలు ఎవరైనా ఒకసారి వెళ్లి ఆ టూరిస్టులకి నచ్చజెప్పి రావాలి.