ఫార్వర్డుకు ఆటగండం

పొద్దున ఐదింటికి, చాయ పొయ్యి మీద పెట్టకముందే నలభై గ్రూపులకు దేశరహస్యాలు పంచే పెద్దమనుషులకు కాలం కలిసిరావడం లేదు. 2018లో వాట్సాప్ మన దేశంలో ఒక్కసారికి ఐదు చాట్‌లే అని కత్తెర వేసింది. ఓర్చుకున్నాం. 2020లో, చేతులు మారి మారి వచ్చిన మెసేజ్ అయితే ఒక్కసారికి ఒక్క చాటే అంది. అదీ ఓర్చుకున్నాం, ఓపిక మనదే కనుక. ఇప్పుడు కాజీపేట నుంచి ఖిలా వరంగల్ దాకా పోరగాళ్ళు గేములు తయారుచేస్తామంటున్నారు. తుపాకుల గేములైతే మనకేం నొప్పి లేదు. ఇవి పుకారు పుట్టించే గేములు.

రోగం బయటిదే. కేంబ్రిడ్జ్ పరిశోధకులు నెదర్లాండ్స్ వాళ్ళతో కలిసి 2018లో ‘బ్యాడ్ న్యూస్’ అనే ఆట వదిలారు. అందులో ఆడేవాడే అబద్ధాలకోరు. దొంగపేరు పెట్టుకోవడం, భయపెట్టడం, జనాన్ని చీల్చడం వగైరా ఆరు విద్యలకు ఆరు బ్యాడ్జీలు. టీకా లెక్కనట, కొంచెం రుచి చూపిస్తే పెద్దది వంటబట్టదట. ఆ ఆరూ మన గ్రూపుల్లో పుట్టుకతోనే వస్తాయి, ఒక్క బ్యాడ్జీ ఇచ్చినోడు లేడు.

ఇక్కడి నమూనా చూడండి. ట్వైన్‌లో (ఎంచుకుంటూ పోయే కథల గేములు కట్టే పనిముట్టు) పన్నెండు తెరలు, కోడింగ్ పెద్దగా అక్కర్లేదు. లెక్కలు రెండే: షేర్లు, పరువు. ఆటగాడి చేతికి 2023 జులై వరద ఫొటో ఇస్తారు, పైన రాత తనే ఎంచుకోవాలి. ‘అప్పటి వరద’ అంటే మూడు షేర్లు. ‘ఇప్పుడే! భద్రకాళి చెరువు కట్ట తెగింది, టీవీలో చూపించరు’ అంటే మూడువందలు. ఫొటో నిజమే, తేదీ ఒక్కటే అబద్ధం. ఈ ఒక్క తెర ఆడిన పిల్ల సాయంత్రం నలుగురి ముందట, ‘పెద్దబాపూ, ఈ ఫొటో ఎన్నటిదే?’ అని అడుగుతుంది. అడిగి ఊకోదు, గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతుకుతుంది.

ధైర్యం చెడొద్దు. వాళ్ళు పడే గుంటలు చాలానే ఉన్నాయి, పడనియ్యండి. పది సెకన్ల టైమరు పెడితే మెచ్చుకోండి. ఆలోచించకుండా నొక్కడమే అలవాటవుతుంది, అది మన పాత సిలబసే. ఇరవై మెసేజ్‌లకు ఇరవైయ్యీ అబద్ధాలే పెడితే ఇంకా మంచిది. కళ్ళు మూసుకుని ‘అబద్ధం’ నొక్కినోడే ఫస్టు వస్తాడు, రేపు ‘పైపు రిపేరు, నీళ్ళు రావు’ అని మున్సిపాలిటీ చెప్పినా నమ్మడు. ఎవరైనా తెలివైన పిల్ల సగం నిజాలు, అవీ ఉప్పూకారం లేనివి, కలిపిందా, మన ఖర్మ.

అన్నిటికన్నా తియ్యటిది వాటర్‌మార్కు. ‘ఇది ఆట’ అని మూలకు చిన్నగా వేయనియ్యండి. స్క్రీన్‌షాట్ తీసి మూల కత్తిరిస్తే సరి, మధ్యాహ్నానికల్లా ఆటలో తెగిన కట్ట పరకాల గ్రూపులో తేలుతుంది. ఫొటో నడుమ అడ్డంగా వేస్తే మాత్రం మన కత్తెర పనిచేయదు.

తెలుగక్షరమూ మన పక్షమే. గేములు కట్టే సాఫ్ట్‌వేర్ గోడో, దాని పాత వెర్షన్ గోడో 3లో చేస్తే ‘కట్ట’ వత్తు ఊడి ‘కట్‌ట’ అవుతుంది. 2023లో వచ్చిన గోడో 4 ఆ వత్తు అతికించింది గానీ, నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంటు ప్రాజెక్టులో కలపకపోతే తయారుచేసినోడి కంప్యూటర్‌లో చక్కగా ఉన్నది బ్రౌజర్‌లో డబ్బాలై కూచుంటుంది.

జాగ్రత్త పడాల్సింది చివర్లో. ఐదుగురి చేత ఆడించి, పక్కన నోరు మూసుకుని కూచుని, వేలు ఎక్కడ ఆగిందో రాసుకుంటారట. ఆ ఐదుగురిలో ఇంటి పెద్దమనిషి ఒకరు ఉండాలట. ఫోన్ చేతికిస్తే తీసుకోకండి. మూడో తెర మీద రెండు మెసేజ్‌లుంటాయి, మొదటిది నిజం, రెండోది ఉత్తదే: 2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు, జనగణమనకు యునెస్కో ఫస్టు ప్రైజు. మన వేలు ఎటు పోతదో మనకూ ఎరుకే, పక్కన పెన్ను పట్టుకున్న పిల్లకూ ఎరుకే.